ముందు గురి తప్పనివ్వండి

మూతి నుంచి మందు పోసి, గుండు కూరి పేల్చే తుపాకీని రేంజిలో గురికి తెచ్చుకోవాలనుకుంటున్నారా? మొదటి రోజు సైటు ముట్టుకోకండి. రెండో రోజూ ముట్టుకోకండి. గుళ్ళు ఎక్కడ పడుతున్నాయని కాదు, ఒక్కచోట పడుతున్నాయా లేదా అన్నదే చూడండి. నల్లచుక్కకు జానెడు కింద, బెత్తెడు పక్కగా అయిదు గుళ్ళూ గుంపుగా పడ్డాయంటే మీ పని ముప్పాతిక వంతు అయిపోయినట్టే. ఒకటి చుక్క నడిమధ్యన, ఒకటి అంచున, ఒకటి కాగితం బయట పడ్డాయంటే ఇంకా ఏమీ మొదలుకానట్టు. కానీ రేంజిలో జనం ఆ నడిమధ్య గుండును చూసే చప్పట్లు కొడతారు. దాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

ఇది తలకిందుల సలహా అని చాలామంది నాతో వాదించారు. ఆధునిక రైఫిలు విషయంలో వాళ్ళ మాట నిజమే. ఫ్యాక్టరీలో ఒకే కొలతతో చేసిన తూటా పెడతాం, మూడు పేలుస్తాం, సైటు మర తిప్పుతాం, అయిపోతుంది. మూతి నుంచి కూరే తుపాకీలో తూటా తయారుచేసే ఫ్యాక్టరీ మీరే. మందు కొలిచేది మీరు, గుండుకు గుడ్డ చుట్టేది మీరు, కడ్డీతో దించేది మీరు. మీ చెయ్యి ఒక్కో గుండుకు ఒక్కో రకంగా పనిచేస్తుంటే సైటు ఎటు తిప్పి ఏం లాభం? ఉన్న తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది, అంతే.

ఈ మాట ఒమాన్‌లో చెప్పడానికి కారణం ఉంది. అబూ ఫతీలా అని ఇక్కడ పిలిచే, వెలిగించిన ఒత్తితో మందు అంటించే ఒత్తి తుపాకీ ఈ కొండల్లో తరతరాలు నడిచింది. పొడవాటి గొట్టం, సన్నటి కర్ర, రెంటినీ కలిపి పట్టే వెండి పట్టీలు. 1835లో జేమ్స్ వెల్‌స్టెడ్ అనే నౌకాదళ అధికారి ఒమాన్ లోపలికి నిజ్వా దాకా ప్రయాణం చేసి, 1838లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తుపాకులు మోసే మనుషుల గురించి రాశాడు. ఆ తర్వాత 19వ శతాబ్దం చివర్లో మస్కట్ రేవు తుపాకుల వ్యాపారానికి పెద్ద అడ్డా అయింది. మార్టినీ హెన్రీ రైఫిళ్ళు ఇక్కడ దిగి, పర్షియా తీరం మీదుగా అఫ్గాన్ సరిహద్దుల దాకా పోయేవి. బ్రిటిష్ వాళ్ళ ఒత్తిడితో 1912లో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ ఆయుధాల గిడ్డంగి పెట్టి ఆ వ్యాపారాన్ని కట్టడి చేసేనాటికి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకీ పల్లెపల్లెకూ చేరిపోయింది. ఒత్తి తుపాకీ గోడకెక్కింది. నిజ్వాలో శుక్రవారం పొద్దున మేకల సంత జరిగే వేళకి వెళితే పాత తుపాకులు చేతులు మారడం ఇప్పటికీ చూడొచ్చు.

మనకు ఇది కొత్తదేం కాదు. బొబ్బిలి యుద్ధంనాటి తుపాకులు ఇలాంటివే. నిజాం కొలువులో ఉన్న అరబ్బు సిపాయిలు, హైదరాబాదు బార్కాస్‌లో స్థిరపడ్డ ఆ కుటుంబాల పూర్వీకులు, ఒమాన్‌కు పడమటి పొరుగున యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతుల్లో ఉన్న బర్మార్ కూడా మూతి నుంచి కూరేదే. ఈ పాత తుపాకుల్లో దేనికీ మర తిప్పి సరిచేసుకునే సైటు లేదు. పేల్చేవాడే తుపాకీకి అలవాటుపడేవాడు. నేను చెప్పేదీ అదే.

రేంజికి పోయేముందు ఒక మాట. ఒమాన్‌లో తుపాకీ లైసెన్సు వ్యవహారమంతా రాయల్ ఒమాన్ పోలీసుది. తుపాకీ మీ ఒమానీ మిత్రుడిది, లైసెన్సు ఆయనది, మీరు అతిథి. ఆయన పక్కన లేకుండా దాన్ని ఎత్తకండి. సంతలో ముచ్చటపడి కొని ఇంటికి పట్టుకెళ్దామన్న ఆలోచన అసలే వద్దు. పేల్చడానికి పనికొచ్చే తుపాకీ ఎంత పాతదైనా మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం కిందికే వస్తుంది. వేట ఊసు కూడా ఎత్తకండి. తెల్లటి అరేబియన్ ఓరిక్స్ జింకను జిద్దత్ అల్ హరాసిస్ మైదానంలో 1972 నాటికి వేటగాళ్ళు ఆఖరిదాకా తుడిచిపెట్టారు. పరాయి దేశాల్లో పెంచిన మంద నుంచి తెచ్చి 1982లో మళ్ళీ వదిలారు, హరాసిస్ తెగవాళ్ళనే కాపలా పెట్టారు. ఆ కథ తెలిశాక నాకు కాగితం మీది చుక్క తప్ప ఇంకే గురీ చూడబుద్ధి కాలేదు.

పాత తుపాకీ చేతికొచ్చిందా, గొట్టంలోకి కంటితో చూడకండి, కడ్డీతో చూడండి. కడ్డీని అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గోటితో గుర్తుపట్టి బయటకు తీయండి. అదే కడ్డీని గొట్టం పక్కన బయట ఆనించి చూడండి. కడ్డీ కొస రంజకపు రంధ్రం దాకా, అంటే బయట అంటించే మందు మంట లోపలికి పోయే చిల్లు దాకా రావాలి. రెండు మూడు వేళ్ళ ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. ఎవరి తాతో కూరి, పేల్చకుండా గోడకు తగిలించిన గుండే అయివుండొచ్చు. అక్కడితో ఆపి తుపాకులు బాగుచేసేవాడికి అప్పజెప్పండి. లోపల ఖాళీ అయినా సరే, గొట్టం గట్టిగా ఉందని అతను చూసి చెప్పకుండా పాతదాన్ని పేల్చకండి. ఇటలీలో ఇప్పటికీ కొత్తగా తయారుచేసే నకళ్ళుంటాయి, నేర్చుకునేవాళ్ళకు అవే మేలు.

మందు సంగతి. ఇందులో వాడేది నల్లమందు ఒక్కటే. పెట్లుప్పు 75 వంతులు, బొగ్గు 15, గంధకం 10. ఈనాటి పొగలేని మందు పడితే గొట్టం చీలిపోవచ్చు. పక్కవాడు ఎంత అనుభవజ్ఞుడైనా ఈ విషయంలో అతని మాట వినకండి. నల్లమందును తూకంతో కాకుండా గిన్నె కొలతతో పోస్తారు, అదేమీ తప్పు కాదు. ప్రతిసారీ ఒకేలా నింపడం, ఒకేలా తట్టడం, ఒకేలా గీయడమే ముఖ్యం. మందు కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి మాత్రం ఎప్పుడూ పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలివుంటే కొమ్ము మొత్తం చేతిలో పేలుతుంది. అందుకే పోటీల్లో ఒక్కో గుండుకు సరిపడా మందును విడివిడిగా చిన్న సీసాల్లో పోసి తెచ్చుకోవాలన్న నియమం ఉంది. ఒత్తి తుపాకీ అయితే మందు పోసేటప్పుడు ఒత్తి తుపాకీ మీద ఉండనే కూడదు. దూరంగా పెట్టి, మందు పెట్టె మూత వేశాకే దాన్ని మళ్ళీ తీసుకోవాలి.

తుపాకీ తయారుచేసినవాడు ఎంతవరకు పోయొచ్చని చెప్పాడో అది గరిష్ఠం. మీరు అంతకు బాగా తక్కువ నుంచి మొదలుపెట్టండి. అయిదు గుళ్ళు పేల్చి గుంపు చూడండి. అయిదు గ్రెయిన్లు పెంచి మళ్ళీ అయిదు. గ్రెయిను అంటే గ్రాములో పదిహేనో వంతు లాంటిది. ఒకచోట గుంపు బిగుస్తుంది, ఇంకా పెంచితే విచ్చుకుంటుంది. బిగిసినచోట ఆగిపోండి. శబ్దం గొప్పగా లేదని, పొగ తక్కువని పక్కవాళ్ళు ఇంకాస్త పొయ్యమంటారు. ఆగిపోండి.

మా రేంజికి నిజ్వా దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వస్తారు. ఆయన తుపాకీ నింపడం చూడటమే ఒక చదువు. కొలతగిన్నెలో మందు పోస్తారు, గిన్నె పక్కన వేలితో మూడుసార్లు తడతారు, చూపుడు వేలితో అంచు గీస్తారు. గొట్టంలో పోస్తారు. మైనం పట్టించిన గుడ్డ పేలిక మూతి మీద పరిచి, దాని మీద సీసపు గుండు పెట్టి బొటనవేలితో నొక్కుతారు. కడ్డీ మీద ఒకచోట ఎర్ర దారం చుట్టి ఉంటుంది. కడ్డీ దించుతుంటే ఆ దారం గొట్టం పెదవి దగ్గరికి రావాలి. ఒకసారి దారం వేలెడు పైనే ఆగిపోయింది. నేను పక్క నుంచి "చాల్లెండి" అన్నట్టు చూశాను. ఆయన నా వైపు తిరగకుండానే "శ్వయ్ శ్వయ్, సదీక్" (నెమ్మదిగా, మిత్రమా) అని, అదే బలంతో, తొందరపడకుండా నొక్కుతూ దారం పెదవికి తాకేదాకా దించారు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు కూడా. ఆ దారం ఉన్నది అందుకే. గుండు మందు మీద ప్రతిసారీ ఒకే బిగువుతో కూర్చుంటేనే గుంపు బిగుస్తుంది కూడా. ఎర్ర దారం చుట్టుకోండి, మీ సైటుకు పెట్టే ఖర్చు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

పేలాక టార్గెట్టు దగ్గరికి పరుగెత్తకండి. రేంజి అధికారి అనుమతిచ్చాక ముందుకు వెళ్ళి, తుపాకీ మూతికి కొన్ని అడుగుల దూరంలో పడివుండే గుడ్డ పేలిక ఏరుకోండి. ఎక్కువ మంది దాన్ని తొక్కుకుంటూ పోతారు. నేను టార్గెట్టు కంటే ముందు దాన్నే చదువుతాను. నడుమ గుండు కూర్చున్నచోట బూడిదరంగు వలయం, చుట్టూ పీచులు లేచినా గుడ్డ నిలిచివుంటే అంతా సవ్యం. నడుమ కాలి చిల్లు పడితే మైనం చాలలేదు, లేదా గుడ్డ పలుచన. చారలుగా కోసుకుపోయిందంటే గొట్టం లోపల గాళ్ళున్న తుపాకీ అయితే వాటి అంచులు పదునుగా ఉన్నాయి, లేదా మూతి దగ్గర ఏదో గరుకుంది. గుడ్డ చెడితే గుళ్ళు చెదిరిపోతాయి, అప్పుడు సైటును ఎంత సరిచేసినా దండగే.

ఇక అందరూ నోరెళ్ళబెట్టే సలహా: తుపాకీలో నీళ్ళు పోయండి. నల్లమందు కాలితే అందులో సగానికి పైగా గట్టి మసిగానే మిగిలిపోతుంది. అందులో ఉండే పొటాషియం లవణాలు నూనెకు కదలవు, నీటికి కరిగిపోతాయి. గాలిలో చెమ్మను కూడా అవే పీల్చుకుని రాత్రికి రాత్రి ఇనుము తినేస్తాయి. ఆధునిక రైఫిలుకు అలవాటుపడ్డవాళ్ళు నూనె పూసి గుడ్డతో తుడిచి ఇంటికి పోతారు, మర్నాటికి గొట్టం ఎర్రబడుతుంది. వేడినీళ్ళు, కాస్త సబ్బు, గొట్టం నిండా. శుభ్రంగా ఆరబెట్టాకే నూనె. మళ్ళీ పేల్చే రోజు ఆ నూనె చుక్క కూడా లేకుండా తుడిచేయాలి, లేకపోతే మందు తడుస్తుంది.

పేల్చేటప్పుడు కూడా గుండుకు గుండుకు మధ్య తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి. ఎన్నిసార్లన్నది కాదు, ప్రతిసారీ అన్నే. శుభ్రమైన గొట్టం నుంచి పోయే మొదటి గుండు వేరే చోట పడుతుంది. పెనం మీద మొదటి దోసె సరిగా రాలేదని పిండి పారబోయం కదా, దాన్ని చూసి సైటు తిప్పకండి. నోట్‌బుక్కులో మాత్రం విడిగా రాసుకోండి.

ఒమాన్‌లో ఎక్కడ పేలుస్తున్నారన్నదాన్ని బట్టి ఈ తుడవడమే మారిపోతుంది. మస్కట్, బాతినా తీరంలో గాలి ఉక్కగా ఉంటుంది, మసి మెత్తబడుతుంది, జారుతుంది, తుప్పు మాత్రం త్వరగా పడుతుంది. నిజ్వా లోపలి వైపు పొడి వేడికి అదే మసి రాయిలా గట్టిపడి నాలుగో గుండు దిగనివ్వదు. తడిగుడ్డ అక్కడ ఇంకాస్త తడిగా ఉండాలి. సలాలాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ తుంపర ఉన్నన్నాళ్ళూ ఒత్తి తుపాకీని ఇంట్లోనే ఉంచండి. వేసవిలో మైనం, కొవ్వు కలిపిన పూత కారులో కరిగిపోయి మందులోకి కారుతుంది. తీరాన ఉన్న ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న రోజు మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు. అలాంటి ఊళ్ళో డిక్కీలో మందు పెట్టుకుని మధ్యాహ్నం తిరగడం నేరం లాంటిది. తెల్లారగట్లే వెళ్ళి, ఎండ ముదరకముందే ముగించుకోండి.

గురి సంగతి ఇప్పుడు. తుపాకీ పేలాక గురి చూడండి. ఇది నోరుజారి రాసింది కాదు. మీట నొక్కగానే ఒత్తి వంగి రంజకాన్ని తాకాలి, రంజకం భగ్గుమని రంధ్రం గుండా లోపలి మందును అంటించాలి, ఆ తర్వాతే గుండు బయల్దేరుతుంది. ఆధునిక రైఫిలుతో పోలిస్తే అదొక యుగం. ఆ మధ్యలో కళ్ళముందు మంట లేస్తే చెయ్యి దానంతటదే తుపాకీని కిందికి లాగేస్తుంది. అందుకే గుళ్ళు కింద పడుతున్నాయని సైటు సరిచేసేవాళ్ళలో చాలామంది విషయంలో తప్పు సైటుది కాదు. వెలిగించని ఒత్తితో, మందు లేకుండా, ఇంట్లో గోడమీద చుక్క చూస్తూ మీట నొక్కండి. నొక్కాక కూడా చుక్కమీదే చూపు నిలిపి మెల్లగా మూడు లెక్కపెట్టండి. ఇది విసుగు పుట్టించే పనే. విసుగు పుట్టేదాకా చేస్తేనే పనిచేస్తుంది. రంజకం కూడా తక్కువే వేయండి, రంధ్రంలోకి మాత్రం కూరకండి. రంధ్రం నిండితే మంట ఒక్కసారిగా దూకకుండా ఒత్తిలా కాలుతూ పోతుంది. మీట నొక్కినా పేలలేదా, తుపాకీ మూతి టార్గెట్టు వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఉండండి. గొట్టంలోకి ఊదడం, తొంగి చూడటం మీ పక్కవాడు చేసినా మీరు చేయకండి.

ఎండ మరో మోసగాడు. ముందు సైటు మెరుస్తుంటే కుడివైపు ఎండకు కుడి అంచే వెలుగుతుంది, కన్ను ఆ వెలుగునే సైటనుకుని మధ్యకు తెస్తుంది, గుండు ఎడమకు పోతుంది. పొద్దున ఒకచోట, గంట తర్వాత ఇంకోచోట పడుతుంటే సైటు ముట్టుకోవడానికి ముందు ఎండ ఎటుందో చూడండి. ఇంటి దగ్గరే నూనె దీపం మసి సైటుకు పట్టించి తీసుకెళ్ళండి. కాటుక పెట్టినట్టు నల్లబడి, మెరుపు పోతుంది.

మూడు గుళ్ళు వదిలేసుకోవడం నేర్చుకోండి. మూతి నుంచి కూరే తుపాకుల అంతర్జాతీయ పోటీల్లో అరగంటలో 13 గుళ్ళు పేలుస్తారు, అందులో మంచివి 10 మాత్రమే లెక్క. ఒత్తి తుపాకీకి 50 మీటర్ల దూరంలో నిలబడి పేల్చే పోటీ ఒకటుంది, దానికి జపాన్ దీవి తనేగషిమా పేరు పెట్టారు. ప్రపంచంలో ఈ విద్య బాగా తెలిసినవాళ్ళే మూడు తప్పుతాయని ఒప్పుకుని నియమం రాసుకున్నారు. మీరెందుకు ఒక్కో తప్పుకూ సైటు జరపాలి?

ఇన్ని చేశాక, రోజులు మారినా గుంపు అదే చోట పడుతుంటే, అప్పుడు సైటు. ముందు పక్కల తేడా. గుంపు కుడికి పడుతుంటే ముందు సైటును కుడికే జరపండి. వెనక సైటు అయితే గుండు ఎటు పోవాలో అటు. మనసు దీనికి ఎదురు తిరుగుతుంది, ఒక్క గుండు పేల్చి చూస్తే నమ్ముతుంది. ఎంత జరపాలో లెక్క ఉంది: గుంపు ఎంత తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్టు దూరంతో భాగించండి. 50 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు తప్పి, సైట్ల మధ్య 80 సెంటీమీటర్లుంటే జరపాల్సింది 1.6 మిల్లీమీటర్లు. కంటి అంచనాతో సుత్తి తీసుకునేవాళ్ళు దీనికి రెండింతలు కొడతారు.

ఎత్తు తేడా ఆఖరున. గుళ్ళు కింద పడుతుంటే ముందు సైటును ఆకురాయితో అరగదీయాలి, అరిగేకొద్దీ గుళ్ళు పైకి వస్తాయి. అయితే ఇది నకలు తుపాకీకి మాత్రమే. నిజ్వా సంత నుంచి వచ్చిన అసలైన అబూ ఫతీలాకు ఆకురాయి తగలనివ్వకండి. అది బెత్తెడు కింద పడేస్తుంటే బెత్తెడు పైకి చూడండి. వందేళ్ళ కిందట దాన్ని మోసినవాడు అలాగే చూసుంటాడు, ఆ తప్పు తెలిసిన చేతికి ఆ తుపాకీతో ఇబ్బందేమీ లేదు.

నకలుకైనా రెండు రుద్దులు, అయిదు గుళ్ళు. మళ్ళీ రెండు రుద్దులు, మళ్ళీ అయిదు. అరిగిన ఇనుము తిరిగి రాదు, మందు డబ్బా మారినా, చలికాలం వచ్చినా గుంపు కాస్త పైకో కిందికో కదులుతుంది. అందుకే చుక్కకు ఇంకా రెండు సెంటీమీటర్లు కింద ఉండగానే ఆకురాయి సంచిలో పెట్టేయండి.